ఉరిని వెనక్కి తెచ్చుకున్నవాళ్ల లెక్క

962, 967. ఈ రెండంకెలూ తిరువాన్కూరువి. 1944లో ఆ సంస్థానం మరణశిక్షను రద్దు చేసింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి, సంస్థానాలు కలిసిపోయి, అందరికీ ఒకే శిక్షాస్మృతి వర్తించేసరికి 1950లో ఉరి మళ్లీ వచ్చి కూర్చుంది. ఉరి లేని 1945-50 మధ్య అక్కడ జరిగిన హత్యలు 962. ఉరి తిరిగొచ్చిన 1950-55లో 967. ఉరి వచ్చింది కాబట్టే ఐదు హత్యలు పెరిగాయని ఎవరైనా వాదిస్తే అది చిల్లర వాదన. జనాభా పెరిగింది, రాజకీయం మారింది, పోలీసుల తీరూ మారింది. అయితే తగ్గాయని చెప్పుకోవడానికి మాత్రం ఈ లెక్కలో ఏమీ దొరకదు.

ఉరి ఉండాలా వద్దా అన్న చర్చ మన దగ్గర ఎప్పుడూ ధర్మం, పాపం, పగ, జాలి చుట్టూ తిరుగుతుంది. అవి తక్కువ విషయాలేం కావు. ఒక పసిపిల్లను చంపినవాణ్ని ఏం చేయాలన్న ప్రశ్నకు గణాంకాలతో జవాబు చెప్పబోతే వినేవాడికి ఒళ్లు మండుతుంది, అందులో తప్పు లేదు. కానీ ఆ పెద్ద చర్చ లోపల ఇంకో ప్రశ్న ఉంది. ఒకసారి వదిలేసిన ఉరిని తిరిగి తెచ్చుకున్న చోట ఏం జరిగింది? దీనికి లెక్క ఉంది. తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

అందరికంటే వివరంగా లెక్క రాసి పెట్టింది ఫిలిప్పీన్స్. మార్కోస్ నియంతృత్వం కూలిపోయాక 1987లో రాసుకున్న రాజ్యాంగంలో వాళ్లు మరణశిక్షను తీసేశారు. తలుపు మాత్రం పూర్తిగా మూయలేదు. అతి ఘోరమైన నేరాల విషయంలో గట్టి కారణాలుంటే పార్లమెంటు దాన్ని తిరిగి తేవచ్చని ఒక వాక్యం ఉంచారు. ఆ వాక్యానికి పని పడటానికి ఆరేళ్లు పట్టింది. వ్యాపారులను ఎత్తుకెళ్లి డబ్బు గుంజే ముఠాలు పెరిగాయి. 1993లో లాస్ బాన్యోస్ అనే ఊళ్లో చదువుకుంటున్న ఇద్దరు విశ్వవిద్యాలయ విద్యార్థులు దారుణంగా హత్యకు గురయ్యారు, ఆ కేసులో ముద్దాయి సాక్షాత్తూ ఒక మేయర్. దేశం భగ్గుమంది. ఆ ఏడాది డిసెంబరులో 40కి పైగా నేరాలకు మరణశిక్ష వేయవచ్చని చట్టం వచ్చింది. జనానికి అంత కోపం తెప్పించిన ఆ మేయర్‌కు మాత్రం మరణశిక్ష పడలేదు. అతని నేరం చట్టం కంటే ముందుది కదా. యావజ్జీవం పడింది, జైల్లోనే ఉండి 2021లో పోయాడు.

చట్టం వచ్చాక కింది కోర్టులు వెనకాడలేదు. 2004 జూన్ నాటికి దాదాపు 1,493 కేసుల్లో మరణశిక్ష వేశాయి. అక్కడి నియమం ప్రకారం అలాంటి ప్రతి తీర్పూ దానంతట అదే సుప్రీంకోర్టుకు వెళ్లాలి. 2004లో ఒక కేసు తీర్పు రాస్తూ ఆ కోర్టు తన సొంత రికార్డు తీసి లెక్క వేసుకుంది. అప్పటికి పరిశీలన పూర్తయినవి 907. అందులో మరణశిక్ష నిలిచినవి 230, అంటే 25.36 శాతం. యావజ్జీవానికి తగ్గించినవి 483. పూర్తిగా నిర్దోషులని వదిలేసినవి 65. మార్చినవీ కొట్టేసినవీ అన్నీ కలిపితే 651, అంటే 71.77 శాతం. ఒక దేశపు అత్యున్నత న్యాయస్థానం తన కింది కోర్టులు వేసిన మరణశిక్షల్లో ప్రతి పదిలో ఏడు నిలబడలేదని స్వయంగా రాసిపెట్టింది. తర్వాత ఆ కోర్టు చేసిన పని మధ్యలో ఇంకో అప్పీలు మెట్టు పెట్టడం. ప్రాణం తీసే ముందు ఇంకొకరు కూడా చూస్తే మంచిదని.

65 అన్న అంకె దగ్గర కాస్త ఆగాలి. కోర్టు చేతికొచ్చిన ప్రతి 14 మందిలో ఒకరు చావాల్సిన వాడు కాడు సరికదా, జైల్లోనే ఉండాల్సిన వాడు కాడు. ఇక ఆ చట్టం కింద నిజంగా అమలైన మరణశిక్షలు ఎన్ని? ఏడు. 1999లో ఆరు, 2000 జనవరిలో ఒకటి. ఒక్కరిని చంపడానికి తొమ్మిది మందికి పైగా నిర్దోషులు మరణశిక్ష ఖైదీల వరసలో నిలబడాల్సి వచ్చింది.

ఆ ఏడింటిలో రెండోది 1999 జూన్ 25న. చివరి నిమిషాల్లో ఒక బిషప్ విన్నపం విని అధ్యక్షుడు ఎస్ట్రాడా మనసు మార్చుకుని జైలుకు ఫోన్ చేశారు. లైన్లు కలవలేదు. కలిసేసరికి ఇంజెక్షన్ ఇవ్వడం అయిపోయింది. దేశాధినేత ఇచ్చే క్షమాభిక్ష టెలిఫోన్ ఎక్స్ఛేంజి దగ్గర ఆగిపోయిందంటే కల్పిత కథలో నమ్మం. అన్నట్టు, ఆరు మరణశిక్షలు అమలైన ఆ 1999లోనే ఆ దేశంలో నమోదైన నేరాలు 71,527 నుంచి 82,538కి పెరిగాయి. ఒక్క ఏడాది లెక్క దేన్నీ నిరూపించదు. కానీ అదే అంకె తలకిందులై ఉంటే ఎన్ని ఉపన్యాసాలు విని ఉండేవాళ్లమో ఊహించుకోవచ్చు.

2000లో ఎస్ట్రాడాయే ఆపించారు. 2006లో అరోయో ప్రభుత్వం 1,200 మందికి పైగా ఖైదీల మరణశిక్షలను ఒకేసారి యావజ్జీవంగా మార్చి, జూన్ 24న రద్దు చట్టం మీద సంతకం పెట్టింది. కథ అక్కడ అయిపోలేదు. 2016లో డ్యుటెర్టే అధ్యక్షుడిగా గెలిచి మళ్లీ తెస్తానన్నారు. 2017 మార్చిలో దిగువ సభ 217-54 ఓట్లతో సరే అంది, సెనేట్‌లో అది నిలిచిపోయింది. ఈలోగా మాదకద్రవ్యాల మీద యుద్ధం పేరుతో పోలీసు ఆపరేషన్లలో చనిపోయినవాళ్లు, పోలీసుల సొంత లెక్కలోనే, 6,200 మందికి పైగా. చట్టంలో మరణశిక్ష లేని దేశంలో. దీన్ని చూసి, ఉరి ఉంటే జనం చట్టం మీద నమ్మకం ఉంచి ఈ దారి పట్టేవాళ్లు కాదని వాదించేవాళ్లు ఉన్నారు. ఆ వాదనకు జవాబు మన శాద్‌నగర్ దగ్గరే ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పాకిస్తాన్‌ది ఇంకో రకం కథ. 2008 నుంచి అక్కడ ఉరి అమలు దాదాపు ఆగిపోయింది, చట్టంలో మాత్రం ఉంది. 2014 డిసెంబరు 16న పెషావర్‌లో సైనిక పాఠశాల మీద ఉగ్రవాదులు దాడి చేసి 140 మందికి పైగా చంపారు, ఎక్కువమంది పిల్లలు. మర్నాడే ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. మొదట ఉగ్రవాద కేసులకే అన్నారు. 2015 మార్చిలో అన్ని కేసులకూ అన్నారు. ఆ ఒక్క ఏడాదిలో ఉరి తీసింది 320 మందికి పైగా. మరుసటి ఏడాది 87, ఆ తర్వాత 60కి పైగా, 2018లో 14కి పైగా. ఉగ్రవాదుల కోసం బిగించిన తాడు ఎక్కువగా మామూలు హత్య కేసుల వాళ్ల మెడకే పడింది. ఉగ్రవాద దాడులు ఆ ఏళ్లలో తగ్గిన మాట నిజం. అయితే పెషావర్ దాడికి ఆరు నెలల ముందే, 2014 జూన్‌లో, గిరిజన ప్రాంతాల్లో భారీ సైనిక చర్య మొదలైంది. ఏ తగ్గుదల దేని వల్లో విడదీసి చూపించడం కష్టం.

విడదీయనక్కరలేని విషయం ఒకటి ఉంది. 2016 అక్టోబరులో పాక్ సుప్రీంకోర్టు ఒక హత్య కేసులో ఇద్దరు అన్నదమ్ముల్ని నిర్దోషులని తేల్చింది. విడుదల చేయమని చెప్పింది. వాళ్లను ఏడాది క్రితమే బహావల్‌పూర్‌లో ఉరి తీశారని అప్పటికి కోర్టుకు తెలియదు. అప్పీలు ఇంకా నడుస్తోందని జైలు పట్టించుకోలేదు.

ఉరికి అనుకూలంగా ఉన్న అతి బలమైన లెక్క అమెరికా నుంచి వచ్చింది కాబట్టి దాన్ని దాటేయడం న్యాయం కాదు. 1972లో అక్కడి సుప్రీంకోర్టు 5-4 తేడాతో నాటి మరణశిక్ష చట్టాలను కొట్టేసింది, 600 మందికి పైగా ప్రాణాలు దక్కాయి. 1976లో అదే కోర్టు కొత్తగా రాసుకున్న చట్టాలను ఒప్పుకుంది. ఈ రెండింటి మధ్య, 1975లో, ఐజాక్ ఎర్లిక్ అనే ఆర్థికవేత్త ఒక వ్యాసం వెలువరించారు. 1933-69 మధ్య గణాంకాలు తీసుకుని, ఒక మరణశిక్ష అమలు ఏడెనిమిది హత్యలను ఆపుతుందన్నారు. ఉరి కావాలనేవాళ్లకు మొదటిసారి చేతికి ఒక అంకె దొరికింది. అమెరికా ప్రభుత్వం కోర్టు ముందు దాన్ని వాడుకుంది కూడా.

తర్వాత ఇతరులు ఆ లెక్కను మళ్లీ చేసి చూశారు. 1962 తర్వాతి ఏళ్లు తీసేస్తే ఆ ప్రభావం మాయమైపోతోంది. 1960లలో అమెరికాలో హత్యలే కాదు, మరణశిక్ష ఊసే లేని నేరాలు కూడా పెరిగాయి. అదే కాలంలో మరణశిక్షలు తగ్గాయి. రెండూ పక్కపక్కన జరిగాయి గనుక ఒకటి ఇంకొకదానికి కారణం అనిపించింది. ఆ తర్వాత మూడున్నర దశాబ్దాల పాటు ఒక్కో ఉరి ఇంతమందిని కాపాడుతుందని కొందరు, అసలు హత్యల్ని పెంచుతుందని కొందరు వ్యాసాలు రాస్తూ పోయారు. 2012లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి అన్నింటినీ పరిశీలించి, ఉరి హత్యలను తగ్గిస్తుందో, పెంచుతుందో, ఏమీ చేయదో ఈ అధ్యయనాలతో చెప్పలేమంది. విధానాలు రాయడానికి వీటిని వాడొద్దంది. ఉరి వద్దనేవాళ్లు ఈ నివేదికను తమ విజయంగా చెప్పుకుంటారు. అది కూడా పూర్తి నిజం కాదు. నివేదిక అన్నది తెలియదు అని. ప్రాణం తీసే అధికారం అడిగేవాళ్లదే రుజువు చూపే బాధ్యత అనుకుంటే ఆ తెలియదు ఎవరి మీద బరువుగా పడుతుందో వేరే చెప్పక్కరలేదు. నేను అలాగే అనుకుంటాను.

అమెరికాలో లెక్క తేలిన విషయాలు వేరే ఉన్నాయి. 1976 తర్వాత అక్కడ 1,600 మందికి పైగా మరణశిక్ష అమలైంది. 1973 నుంచి మరణశిక్ష పడి, తర్వాత నిర్దోషులుగా బయటపడ్డవాళ్ల సంఖ్య 2024లో 200కు చేరింది. సుమారు ఎనిమిది అమలులకు ఒక పొరపాటు, అదీ బయటపడ్డది మాత్రమే. న్యూయార్క్ రాష్ట్రం 1995లో మరణశిక్షను తిరిగి తెచ్చుకుని తొమ్మిదేళ్లలో దాని మీద దాదాపు 17 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది. 2004లో అక్కడి కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసేనాటికి అమలైన శిక్షలు సున్నా. కాలిఫోర్నియా 1978 నుంచి 2011 దాకా సుమారు 400 కోట్ల డాలర్లు పెట్టి 13 మందికి శిక్ష అమలు చేసింది. జైల్లో కూర్చోబెట్టి జీవితాంతం తిండి ఎందుకు పెట్టాలి అని అడిగేవాళ్లు మన దగ్గర ప్రతి టీకొట్టు దగ్గరా ఉంటారు. అక్కడ తిండి పెట్టడమే చవక.

వెనక్కి తేవాలని చూసి తేలేకపోయినవాళ్ల గురించి రెండు మాటలు. కెనడా 1976లో రద్దు చేసింది. 1987లో తిరిగి తేవాలన్న తీర్మానం 148-127తో ఓడిపోయింది. రద్దుకు ముందు ఏడాది అక్కడ లక్ష జనాభాకు 3 హత్యలు, 2003 నాటికి 2 లోపు. 1965లో హత్యకు ఉరి ఆపేశాక బ్రిటన్ పార్లమెంటులో ఈ ప్రస్తావన పదేపదే వచ్చి వీగిపోయింది. 1975లో బర్మింగ్‌హామ్ బాంబు కేసులో శిక్షపడ్డ ఆరుగురు 1991లో నిర్దోషులుగా బయటికొచ్చారు. ఉరి ఉండి ఉంటే ఆ విడుదలకు అర్థం ఉండేది కాదు.

దేశం మొత్తంగా చూస్తే మన దగ్గర ఉరి ఎప్పుడూ పోలేదు. అయినా ప్రతి దారుణం తర్వాత ఉరి కావాలి అని ఊరేగింపు బయల్దేరుతుంది, లేనిదాన్ని అడిగినట్టు. కారణం ఉంది. 2000 తర్వాత దేశం మొత్తం మీద ఉరి తీసింది ఎనిమిది మందిని. 2004లో ఒకరు, 2012లో ఒకరు, 2013లో ఒకరు, 2015లో ఒకరు, 2020 మార్చి 20న నిర్భయ కేసులో నలుగురు. 2022లో నమోదైన హత్యలు 28,522. ఆ ఏడాది కింది కోర్టులు వేసిన మరణశిక్షలు 165. అందులో 38 ఒక్క అహ్మదాబాద్ పేలుళ్ల కేసులోవే. 2024 చివరికి మరణశిక్ష పడి జైళ్లలో ఉన్నవాళ్లు 564 మంది. అదే సమయంలో 2023లోనూ 2024లోనూ సుప్రీంకోర్టు ఒక్క మరణశిక్షనూ ఖరారు చేయలేదు.

ఫిలిప్పీన్స్ కోర్టు 71.77 శాతం చూసి ఉలిక్కిపడింది. మన జల్లెడ దానికంటే చాలా పెద్దది. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2000 తర్వాత కింది కోర్టులు వేసిన మరణశిక్షల్లో హైకోర్టు, సుప్రీంకోర్టు దాటి నిలిచినవి 5 శాతం లోపే. దాదాపు 30 శాతం మంది నిర్దోషులుగా విడుదలయ్యారు. ఈ ఖైదీల్లో నాలుగింట మూడొంతులు ఆర్థికంగా అడుగున ఉన్నవాళ్లని కూడా ఆ అధ్యయనం చెప్పింది. దేశంలో నేరాలు చేసేవాళ్లంతా పేదలే అయితే తప్ప ఈ అంకెకు ఇంకో వివరణ వెతకాలి.

పై కోర్టు దాకా వెళితే తప్పులు దొరుకుతాయి కదా, అదే వ్యవస్థ పనిచేస్తోందనడానికి రుజువు కదా అనవచ్చు. మహారాష్ట్రలో సంచార తెగకు చెందిన ఆరుగురి కేసు ఉంది. 2009లో సుప్రీంకోర్టే వాళ్ల మరణశిక్షను నిలబెట్టింది. హైకోర్టు యావజ్జీవానికి తగ్గించిన ముగ్గురికి కూడా తిరిగి ఉరి వేసింది. 2019 మార్చిలో అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులని ప్రకటించి, తలా ఐదు లక్షల రూపాయలు పరిహారం ఇప్పించింది. అప్పటికి వాళ్లు జైల్లో గడిపింది 16 ఏళ్లు. ఒకతను నేరం జరిగిందన్న నాటికి మైనరు.

తెలుగువాళ్లకు ఈ చర్చలో పాత అనుభవం ఉంది. ఎమర్జెన్సీలో, 1975 డిసెంబరు 1న, నక్సలైట్లు భూమయ్య, కిష్టాగౌడ్‌లను హైదరాబాద్‌లో ఉరి తీశారు. 1993లో చిలకలూరిపేట దగ్గర బస్సు దోపిడీలో పెట్రోలు పోసి తగలబెడితే 23 మంది కాలిపోయారు. ఇద్దరు దళిత యువకులకు ఉరి పడింది, సుప్రీంకోర్టు ఖరారు చేసింది, తేదీ కూడా వేశారు. కొన్ని గంటల ముందు ఆగింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. 23 మంది చనిపోయారన్నది అబద్ధం కాదు, వాళ్ల ఇళ్లలో ఇప్పటికీ ఆ తేదీ గుర్తే. ఆ ఇద్దరు దొంగతనానికి వెళ్లినవాళ్లు, చంపడానికి వెళ్లినవాళ్లు కాదన్నదీ కోర్టు బయట గట్టిగా వినిపించిన వాదన. రెండూ ఒకే కేసులో ఉన్నాయి. అందుకే మన దగ్గర ఈ ఉద్యమం గాల్లోంచి పుట్టలేదు.

2019 ఒక్క ఏడాదే చూడండి. జూన్‌లో హనుమకొండలో తొమ్మిది నెలల పాప మీద అఘాయిత్యం, హత్య. రెండు నెలలు తిరగకముందే, ఆగస్టు 8న, కోర్టు ఉరిశిక్ష వేసింది. ఊరంతా మెచ్చుకుంది. నవంబరులో హైకోర్టు దాన్ని చివరి శ్వాస దాకా యావజ్జీవంగా మార్చింది. అదే నెల 27న శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి హత్య. డిసెంబరు 6 తెల్లవారుజామున శాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితుల ఎన్‌కౌంటర్. పోలీసుల మీద పూలు చల్లారు. 2022లో జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ ఆ ఎదురుకాల్పుల కథ నమ్మదగింది కాదంది, చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లంది. ఉరి లేకపోవడం వల్ల జనం తుపాకీని కోరుకుంటారన్న వాదనకు ఇదే జవాబు. ఇక్కడ ఉరి ఉంది. అదే రాష్ట్రంలో నాలుగు నెలల కిందటే వేశారు కూడా.

ఆ డిసెంబరులోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ అత్యాచారాల మీద దిశ బిల్లు ఆమోదించింది. గట్టి సాక్ష్యముంటే 21 పనిదినాల్లో తీర్పు, మరణశిక్ష. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. 2024లో కలకత్తా ఆర్.జి. కర్ ఆస్పత్రిలో డాక్టర్‌పై అత్యాచారం, హత్య తర్వాత పశ్చిమ బెంగాల్ అపరాజిత బిల్లు తెచ్చింది. అందులోనూ అదే అంకె, 21 రోజుల్లో దర్యాప్తు. 21 మీద మన శాసనసభలకు ఈ మక్కువ ఎందుకో తెలియదు. 2025 జనవరిలో ఆ కేసు తీర్పు వచ్చింది. ఇది అరుదైన వాటిలో అరుదైన కేసు కాదంటూ జడ్జి యావజ్జీవం వేశారు.

దేశంలో హత్యల రేటు సంగతికొస్తే, 1992లో లక్ష జనాభాకు 4.6 ఉండేది, 2022 నాటికి 2.1. ఈ 30 ఏళ్లలో ఉరి మరీ అరుదైపోయింది. హత్యల రేటు సగానికి పైగా తగ్గింది. ఇక్కడా ఉరి తగ్గింది కాబట్టి హత్యలు తగ్గాయని నేను అనను. తిరువాన్కూరు ఐదుకు పెట్టిన నియమం దీనికీ పెట్టాలి.

కోపం ఎక్కువగా వచ్చేది అత్యాచారాల మీద గనుక ఆ లెక్కతో ముగిస్తాను. 2012 తర్వాత 2019 దాకా చట్టం మూడుసార్లు కఠినమైంది. 2013లో జస్టిస్ వర్మ కమిటీ మరణశిక్ష వద్దన్నా కొన్ని సందర్భాలకు పెట్టారు. 2018లో 12 ఏళ్లలోపు పిల్లల కేసులకు పెట్టారు, 2019లో పోక్సో చట్టంలోకి తెచ్చారు. 2022లో దేశంలో నమోదైన అత్యాచారం కేసులు 31,516. పదింట తొమ్మిదికి పైగా కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే: బాబాయి, పక్కింటివాడు, పనిచేసే చోట యజమాని, పెళ్లి చేసుకుంటానన్నవాడు. సొంత బాబాయికి ఉరి పడుతుందని తెలిసిన ఇంట్లో ఆ పిల్ల ఫిర్యాదు పోలీస్ స్టేషన్ దాకా వెళ్తుందా, వంటింట్లోనే ఆగుతుందా అన్నదానికి ఏ గణాంకమూ లేదు, ఎందుకంటే ఆగిపోయినవి నమోదు కావు. నమోదై విచారణ పూర్తయిన వాటిలో ఆ ఏడాది శిక్ష పడింది 27.4 శాతానికి. మిగతా 70 శాతం పైచిలుకు కేసుల్లో శిక్ష ఎంత ఉండాలన్న ప్రశ్న దాకా కోర్టు వెళ్లనే లేదు.